రైబోజైమ్ వేరు, ఆర్ఎన్ఏ ఎడిటింగ్ వేరు

తమ్ముడూ, ఆర్ఎన్ఏ ఎడిటింగ్ చేసేది రైబోజైమ్ అని రాస్తే మార్కులు పోయాయన్నావు కదా, రేపు విజయవాడలో మళ్లీ పరీక్ష అని టెన్షన్ పడకు. గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరికొచ్చే పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు.

రైబోజైమ్ అంటే ఎంజైమ్ లాగా తానే రసాయన చర్య జరిపించే ఆర్ఎన్ఏ. టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో ఇంట్రాన్ (ఆర్ఎన్ఏ మధ్యలో ఉండే, తీసేయాల్సిన ముక్క) తనంతట తానే తెగి బయటికి రావడం, అటూ ఇటూ ఉన్న ముక్కలు అతుక్కోవడం 1982లో థామస్ చెక్ బృందం చూపించింది. ఆయనకూ, ఆర్ఎన్ఏస్ పి అనే, ఆర్ఎన్ఏను కోసే ఎంజైమ్ మీద పనిచేసిన సిడ్నీ ఆల్ట్‌మన్‌కూ కలిపి 1989లో నోబెల్ వచ్చింది. కానీ చెక్ చూపించింది స్ప్లైసింగ్, అంటే మధ్య ముక్క తీసేసి మిగతావి అతకడం.

ఎడిటింగ్‌లో ఆర్ఎన్ఏలోని అక్షరమే (ఏ, యు, జి, సి) మారుతుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ రక్తంలో కొవ్వును మోసే అపోబి అనే ప్రొటీన్: కాలేయంలో 4,536 అమైనో ఆమ్లాల ప్రొటీన్ తయారవుతుంది, అదే జన్యువు నుంచి పేగులో మాత్రం సిఏఏ అనే మూడక్షరాల కోడాన్‌లోని సి కాస్తా యు అయిపోయి, యుఏఏ అనే స్టాప్ కోడాన్ (ఇక ఆపు అనే గుర్తు) వచ్చి, 2,152 దగ్గరే ఆగిపోతుంది. ఒక్క అక్షరం! ఆ పని చేసేది అపోబెక్-1 అనే ప్రొటీన్ ఎంజైమ్.

ట్రిపనోసోములనే ఏకకణ పరాన్నజీవుల్లో గైడ్ ఆర్ఎన్ఏ ఉంటుంది, నువ్వు పొరబడింది అక్కడే అనుకుంటా. అది యు ఎక్కడ చేర్చాలో, ఎక్కడ తీసెయ్యాలో చూపిస్తుందంతే, కోసి అతికేవి ప్రొటీన్లే.