బీట్ పోలీసుకి చెప్తే మా వీధిలో ఏం మారింది, ఏం మారలేదు

మీ ప్రశ్న చదివాను. ఉద్యోగం మీద మంచిర్యాల నుంచి మహారాష్ట్రలోని ఈ చంద్రాపూర్ జిల్లాకి వచ్చి మూడు నెలలైందని, వీధి చివర చీకటి పడ్డాక సారా అమ్ముతున్నారని, ఈ మధ్య రెండు ఫోన్లు లాక్కుపోయారని రాశారు. బీట్ పోలీసుకి, అంటే మన వీధుల గస్తీ చూసే పోలీసుకి, చెప్తే నిజంగా ఏమైనా చేస్తారా, లేక మనకే కొత్త తలనొప్పా అని అడిగారు. చేస్తారండీ. కానీ మనం ఏం రాయించామో దాన్ని బట్టే చేస్తారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మా మామగారు కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా వీధిలో ముప్పై ఇళ్లుంటే ఇరవై దాకా తెలుగువాళ్లవే. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఆఫీసుల్లో మరాఠీ. నా వయసు ఆడవాళ్లం మరాఠీ మాట్లాడగలం గానీ, చేతిరాత కాగితం ముందు పెడితే చదవలేం. నేను ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను కాబట్టి వీధిలో ఏం జరిగినా ముందు నా చెవిన పడుతుంది.

2022 దీపావళి వెళ్లిన వారానికి మా పక్కింటి పెద్దమ్మ కూరగాయల సంచితో నాలా మీది కల్వర్టు దాటుతుంటే, బైక్ మీద వచ్చిన ఇద్దరు మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. రెండున్నర తులాలు. మెడ చుట్టూ గీరుకుపోయి రక్తం కారింది. నేనే స్టేషన్‌కి తీసుకెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టారు, అంతా విన్నారు, మరాఠీలో రాసి సంతకం పెట్టమన్నారు. పెద్దమ్మ వేలిముద్ర వేసింది, కింద నేను సంతకం పెట్టాను. రెండు నెలల తర్వాత ఏదో పనిమీద ఆ కాగితం బయటికి తీస్తే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చదివి, "అమ్మా, ఇందులో గహాళ్ అని రాసుంది. అంటే గొలుసు ఎక్కడో పోగొట్టుకుంది అని" అంది. నా సంతకంతోనే ఆ మాట ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఒక్క మాటకు ఎందుకంత బాధ అంటారేమో. దొంగతనం అని రాస్తే ఎఫ్ఐఆర్ అవుతుంది, దానికో నంబరు ఉంటుంది, దర్యాప్తు చేసే మనిషి ఉంటాడు, ఎంతవరకు వచ్చిందని పై ఆఫీసర్లు అడుగుతారు. పోయింది అని రాస్తే అది ఫైల్లో ఒక కాగితం, అంతే. రాత్రి గస్తీ ఎక్కడ ఎక్కువ వేయాలో నమోదైన నేరాలను చూసే నిర్ణయిస్తారు. కాగితాల్లో మా కల్వర్టు దగ్గర ఏ నేరమూ జరగలేదు. ఇక అటువైపు ఎవరొస్తారు?

2023 జనవరిలో అదే చోట డిప్లొమా చదివే కుర్రాడి ఫోన్ లాక్కున్నారు. ఈసారి నలుగురు ఆడవాళ్లం వెళ్లాం, మా అమ్మాయినీ వెంట తీసుకెళ్లాం. రాసినదాన్ని అది పైకి చదివింది. మళ్లీ గహాళ్ అనే ఉంది. మేం సంతకం పెట్టలేదు. గొడవ చేయలేదు, గొంతు పెంచలేదు, బెంచీ మీద కూర్చున్నాం. రెండు గంటల తర్వాత ఎఫ్ఐఆర్ అయింది, కాపీ ఇచ్చారు. ఆ కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇప్పుడైతే చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ ఇలా లాక్కుపోవడానికే విడిగా పెట్టారు, మూడేళ్ల దాకా శిక్ష. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఎఫ్ఐఆర్ అయిన నాలుగో రోజు మా బీట్ నుంచి ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చింది. ఇక్కడి ఏర్పాటు మీకు కొత్త కాబట్టి చెప్తున్నాను. స్టేషన్ పరిధిని బీట్లుగా పంచుతారు. ఒక్కో బీటుకి ఒక హెడ్ కానిస్టేబులో ఏఎస్సైనో ఉంటారు, ఆయన్ని బీట్ అమల్దార్ అంటారు. మీరు ముందు తెలుసుకోవాల్సిన పేరూ ఫోన్ నంబరూ ఆయనవే. పల్లెటూళ్లో ఉంటే గనక పోలీస్ పాటిల్ దగ్గరికి వెళ్లండి. 1967 నాటి గ్రామ పోలీసు చట్టం కింద పెట్టిన మనిషి, ఊరివాడే అయి ఉంటాడు, మన సరిహద్దు ఊళ్లలో చాలా చోట్ల తెలుగు కూడా వచ్చి ఉంటుంది.

ఆ లేడీ కానిస్టేబుల్ బండి పక్కన పెట్టి కల్వర్టు దాకా మాతో నడిచింది. ఎన్ని గంటలకు జరుగుతున్నాయని అడిగింది. రాత్రి అన్నాం. రాత్రి అంటే ఎప్పుడు? మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక నోటుబుక్ పెట్టుకోండి, పదిహేను రోజులు ఏ చిన్నది జరిగినా తేదీ, టైమ్, చోటు రాయండి అంది. బుక్ నా మిషన్ మీదే పెట్టాం. బండ్లలో పెట్రోల్ తీయడం, ఆడపిల్లల్ని వెంబడించడం, నంబర్ ప్లేటుకి గుడ్డ కట్టిన బైక్ తిరగడం, అన్నీ రాశాం. పదిహేను రోజులయ్యాక చూస్తే రాసినవాటిలో ఎక్కువ భాగం రాత్రి ఏడున్నరకీ ఎనిమిదింబావుకీ మధ్యే. బజారు నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళ అది. గస్తీ మాత్రం పన్నెండు దాటాక వచ్చేది.

అప్పుడు గస్తీ టైమ్ మార్చారు. నెలన్నర పాటు ఆ ముప్పావుగంట కల్వర్టు దగ్గర ఎవరో ఒకరు నిలబడ్డారు. స్తంభానికి లైటు లేదు, దానికి ఇక్కడి మున్సిపాలిటీ అయిన నగరపరిషద్‌లో అర్జీ ఇవ్వాలి, అది పోలీసుల పని కాదు. రెండు అర్జీలకు పలకలేదు. మూడోదానికి ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి, తీసుకున్నట్టు కాగితం మీద ముద్ర వేయించుకుంటే లైటు వచ్చింది. నాలా గట్టున పెరిగిన సర్కారు తుమ్మను ఒక ఆదివారం మేమే నరికేశాం. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ కల్వర్టు మీద ఒక్క గొలుసూ పోలేదు. పెద్దమ్మ గొలుసు మాత్రం దొరకలేదు.

ఇంకో మాట. మా వీధిలో చాలామంది ఆ కానిస్టేబుల్‌ని అడిగింది ఒకటే, కల్వర్టు మీద కూర్చునే కుర్రాళ్లను నాలుగు తన్ని తరిమేయమని. నేనూ అన్నాను. కూర్చోవడం నేరం కాదు కదమ్మా, అందులో ఇద్దరు మీ వీధివాళ్లేగా అంది. నిజమే, కాంట్రాక్టు డ్యూటీ దొరకని రోజుల్లో ఇళ్లల్లో ఉక్కపోతకు వచ్చి కూర్చునేవాళ్లు. గుడ్డ కట్టిన బైక్ ఏ వైపు నుంచి వస్తుందో, దాని మడ్‌గార్డ్ మీద ఏం గుర్తుందో చెప్పింది వాళ్లలో ఒకడే. ముందు రోజు తన్నులు తిని ఉంటే చెప్పేవాడు కాదు. దయచేసి మీరూ ఎవరినో కొట్టమని పోలీసుల్ని అడగకండి.

ఇక సారా సంగతి. ఇందులో మాకు మంచి ఫలితం రాలేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. మన జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి 2021 దాకా దారూబందీ, అంటే మద్యనిషేధం, ఉండేది. ఆ ఆరేళ్లలో ఇంట్లో దాచి అమ్మడం చాలామందికి బతుకుతెరువైపోయింది. బందీ ఎత్తేశాక షాపులు తెరిచినా మా వీధి చివరి ఇల్లు మూతపడలేదు, ఎందుకంటే అక్కడ అప్పు పుడుతుంది, పొద్దున ఐదింటికే దొరుకుతుంది. మేం చెప్తే దాడి చేస్తారు, డబ్బాలు పారబోస్తారు, వారం తిరక్కముందే మళ్లీ మొదలు. ఒకసారి స్టేషన్‌లో చెప్పిన మనిషి పేరు ఎలాగో బయటికి పొక్కింది. వాళ్లింటి కిటికీ అద్దాలు పగలగొట్టారు, పిల్లలు రెండు వారాలు బడికి వెళ్లలేదు. అందుకే ఈ విషయంలో మీరు ఒక్కరే వెళ్లి చెప్పకండి. ఒకే కాగితం మీద పదిహేను ఇళ్ల సంతకాలుంటే ఎవరి అద్దాలని పగలగొడతారు? అప్పటికప్పుడు గొడవ జరుగుతుంటే మాత్రం 112కి చేయండి. తడీపార్ అన్న మాట మీరు వినే ఉంటారు. 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం కింద పదే పదే జనాన్ని భయపెట్టేవాళ్లను రెండేళ్ల దాకా జిల్లా బయటికి పంపవచ్చు. సాక్షుల పేర్లు అవతలివాళ్లకు చెప్పకుండా వాంగ్మూలం తీసుకునే పద్ధతి కూడా ఉంది. మా దగ్గర ఆ ప్రయత్నం నడుస్తోంది, నెలలు గడుస్తున్నాయి.

ఆ కానిస్టేబుల్‌కి రెండేళ్లకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఐదు నెలలు మా వీధి మొహం చూడలేదు. చివరికి నోటుబుక్ పట్టుకుని మేమే వెళ్లి, పేజీలు తిప్పి చూపించాం. ఆయన ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు, ఆ శనివారమే వచ్చాడు. బదిలీలు తప్పవు కాబట్టి బుక్ మాత్రం ఆపకండి.

మీరు తరచూ మంచిర్యాల రైల్లో వెళ్లొస్తుంటారు కాబట్టి ఇది కూడా గుర్తుపెట్టుకోండి. కాగజ్‌నగర్ దాటాక ఫోన్ పోయినా, బల్లార్షాలో దిగాక తెలిసినా, అది మా పరిధి కాదని పంపేయడానికి లేదు. జీరో ఎఫ్ఐఆర్ కింద ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని, వాళ్లే అటువైపు స్టేషన్‌కి పంపాలి.

మీ వీధిలో పోయిన రెండు ఫోన్లకు ఏం రాశారో రేపే ఆ ఇళ్లకెళ్లి కాగితాలు అడిగి చూడండి. మరాఠీ చదవగలిగే పిల్లనో పిల్లాడినో వెంట తీసుకెళ్లండి. గహాళ్ అని ఉంటే ఆ ఇంటివాళ్లతో కలిసి స్టేషన్‌కి వెళ్లి, "గహాళ్ నాహీ సాహేబ్, చోరీ లిహా" అని అడగండి.