నాటకాల్లో వేషాలు వేసిన నానమ్మ మొదటి బిడ్డను పాత జనన రిజిస్టర్లలో వెతకడం ఎలా?

మీ నానమ్మగారు 1950ల్లో పౌరాణిక నాటకాల్లో వేషాలు వేసేవారని, మీ నాన్నగారి కంటే ముందు ఆమెకు ఇంకో బిడ్డ ఉన్నట్టు ఈమధ్యే తెలిసిందని, పాత రికార్డుల్లో దొరుకుతుందా అని అడిగారు. దొరకొచ్చు. కానీ పేరు పట్టుకుని వెతికితే కష్టం. మా అమ్మమ్మ విషయంలో అలా వెతికే ఏడాదికి పైగా వృథా చేసుకున్నాను.

మా అమ్మమ్మ తెనాలి చుట్టుపక్కల కాంట్రాక్టు నాటకాల్లో (కాంట్రాక్టరు నటులను కుదుర్చుకుని ఆడించేవి) చంద్రమతి వేషం వేసేది. కరపత్రాల మీద ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు, కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరుతో మరో పేరు. నేను మొదటిది పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. 1969 జనన మరణాల చట్టం 17వ సెక్షన్ కింద ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరులో వెతికించుకోవచ్చు. కట్టాను. చివరికి చేతికి వచ్చింది నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్. దాంతో అసలు బిడ్డే లేదేమో అనుకున్నాను. ఆ పుస్తకంలో, ఆ ఏడాదిలో, ఆ పేరుతో లేదన్నదే దాని అర్థమని తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

దారి దొరికింది మామయ్య ట్రంకు పెట్టెలోని కరపత్రాల వల్ల. తేదీల వారీగా నేల మీద పరిచాం. వానాకాలంలో నాటకాలు ఎలాగూ తక్కువ, అది లెక్క కాదు. కానీ 1953 దసరాకీ, ఆ తర్వాతి సంక్రాంతికీ అదే నాటక సమాజం ఆడిన నాటకాల్లో చంద్రమతి వేషం ఇంకొకావిడ వేసింది. శివరాత్రి తిరునాళ్ళకు మళ్ళీ అమ్మమ్మ పేరు! మంచి సీజన్లో, నాలుగు డబ్బులు వచ్చే రోజుల్లో ఏ నటీ ఊరికే ఇంట్లో కూర్చోదు కదా.

ఆ నెలల్లో ఆమె ఎక్కడ ఉందన్నది తర్వాతి ప్రశ్న. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్ళో, తల్లి కాపురం ఉన్న ఊళ్ళో కాదు. సురభి వాళ్ళలా కుటుంబమంతా కలిసి తిరిగే సమాజమైతే అప్పుడు మకాం ఎక్కడుందో చూడాలి. అమ్మమ్మ మాత్రం రేపల్లె దగ్గర పిన్ని ఊరికి వెళ్ళింది. ఆ రోజుల్లో పల్లెల్లో ఈ జననాల పుస్తకం రాసేది మునసబు, అంటే గ్రామాధికారి. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా పుస్తకాలు చేతులు మారాయి, కొన్ని చెదల పాలయ్యాయి. మాకు కావలసింది తాసిల్దారు ఆఫీసు రికార్డు గదిలో దొరికింది. రేపల్లె 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది గానీ, పాత కాగితాల మీద అంతా గుంటూరు జిల్లానే. మీది నిజాం ఇలాకా అయితే రికార్డులు ఉర్దూలో, ఏళ్ళు ఫసలీ (అప్పటి రెవెన్యూ సంవత్సరం) లెక్కలో ఉంటాయి. ఫసలీ 1357 అంటే 1947-48.

పేజీ తెరిస్తే బిడ్డ పేరు గడి ఖాళీ. బారసాలకు ముందే రాయించేవారు కాబట్టి ‘ఆడ’ అని మాత్రం ఉంది. తండ్రి గడిలో ఒక గీత. (మీకు అక్కడ ఏదైనా పేరు కనిపించినా, ఆయనే తండ్రి అని వెంటనే నమ్మేయకండి. పరువు కోసం రాయించిన పేర్లూ ఉంటాయి.) మాకు ధైర్యం ఇచ్చింది సమాచారం ఇచ్చినవారి గడి. అందులో అమ్మమ్మ చిన్నాన్న పేరు, వేలిముద్ర ఉన్నాయి.

ఆ తర్వాత ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరు చూశాం. అందులో పుట్టినరోజు జూలై 1 అని ఉంది. మన వైపు ఆ తరంలో సగం మంది జూలై 1నే పుట్టారు, మేష్టార్ల పుణ్యమా అని! కాబట్టి తేదీ కలవలేదని వదిలేయకండి, సంరక్షకుడి పేరు చూడండి. మాకు అక్కడ మళ్ళీ ఆ చిన్నాన్నే కనిపించాడు. మీ విషయంలో దత్తత ఇచ్చారని వింటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం కోసం కూడా అడగండి. రిజిస్టరు చేయించకుండా ఇచ్చినవే ఎక్కువనుకోండి.

అలా ఆ బిడ్డ, అంటే మా పెద్దమ్మ దొరికింది. నేను నేరుగా తలుపు తట్టలేదు, ఆ ఊళ్ళో ఆవిడను ఎరిగిన ఒక పెద్దాయనతో ముందు కబురు పెట్టాను. తన పుట్టుక సంగతి ఆవిడకు తెలుసో లేదో మనకు తెలియదు, ఇంట్లో అల్లుళ్ళు, మనవలు ఉంటారు. కబురు అందాక జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

మీ నానమ్మగారి పుట్టిల్లు ఏ తాలూకాలోదో, ఆవిడ చివరగా ఏ సమాజంలో ఆడారో రాయండి. గుంటూరు వైపైతే ఏ ఆఫీసులో ముందు అడగాలో చెప్పగలను.