ఎత్తకూడదని కట్టే చిట్టీ

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మన మూడు రైస్ మిల్లులకు తోడు ఇంకో ఎనిమిది మిల్లుల వాళ్ళను కూడగట్టి, కంపెనీలకు ప్రీమియం కట్టడం మానేసి, మీ బీమా మీరే పెట్టుకుందామని చూస్తున్నావట. దాన్ని క్యాప్టివ్ ఇన్సూరెన్స్ అంటారని కూడా చెప్పాడు. ఆయన గొంతులో సంతోషమే వినపడ్డది. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక నిద్ర రాలేదు. రెండు గంటలకు మీ పెద్దమ్మ లేచి, "పొద్దున రాసుకోవచ్చు, పడుకో" అన్నది. పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు. ఇప్పుడు ఐదవుతున్నది, రాస్తున్నాను.

ముందు సంతోషం సంగతి చెప్తాను. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవులకు వచ్చి కాటా పక్కన కూర్చునేదానివి. ఒకరోజు గుమాస్తా లెక్కకూ నీ లెక్కకూ ఒక బస్తా తేడా వచ్చింది. లారీ మీద తాడు కట్టేశారు. నువ్వు తాడు విప్పించావు. నీ లెక్కే కరెక్టు. ఆ గుమాస్తా చాలా రోజులు ఆ ముచ్చట అందరికీ చెప్పుకున్నాడు. ఇంతమంది మిల్లర్లు ఇవాళ నీ మాట వింటున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. మన ఇంటి ఆడపిల్ల ఇంత పని తలపెట్టిందని నాకు ఛాతీ ఉప్పొంగుతున్నది. అందుకే ఈ భయం కూడా.

క్యాప్టివ్ అనే మాట మనకు కొత్తది కాదు. వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సొంత సున్నపురాయి గనులుంటాయి. ఆ రాయి ముఖ్యంగా తమ ఫ్యాక్టరీ కోసమే. వాటిని క్యాప్టివ్ గనులంటారు. బీమాకు ఈ పేరు వచ్చింది కూడా అట్లాగే. 1950లలో అమెరికాలోని ఒహాయోలో ఫ్రెడరిక్ రీస్ అనే బీమా మనిషి ఒక ఉక్కు కంపెనీ కోసం పని చేస్తుండేవాడు. ఆ కంపెనీ తన గనులను క్యాప్టివ్ గనులని పిలుచుకునేది. ఆ మాటనే ఆయన కంపెనీ సొంత బీమా సంస్థకూ వాడాడు. తర్వాత బెర్ముడా, కేమన్, గ్వెర్నసీ లాంటి దీవులు వీటికి నిలయాలైనాయి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1981లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. కాబట్టి నీ ఆలోచన తప్పుడు ఆలోచన కాదు. ఏటా ప్రీమియం కడుతూ, పది ఏండ్లకు ఒక్క క్లెయిమూ లేని జాగ్రత్తపరుడు, ఆ పైసలు నా దగ్గరే ఉంటే బాగుండు అనుకోవడం న్యాయమే. నేనూ అనుకున్నాను. ఆ కథకు తర్వాత వస్తాను.

ముందు మామూలు సంగతులు. నీకు తెలిసే ఉంటాయి, అయినా రాస్తాను. పదకొండు మిల్లుల ఐదేండ్ల నష్టాల లెక్క తెప్పించు, క్లెయిము చేయని చిన్న నష్టాలతో సహా. స్టాకు మీద బ్యాంకు అప్పు ఉన్నంతకాలం బ్యాంకు పేరు రాసిన అసలు పాలసీ ఉండాల్సిందే, మీ సొంత నిధి కాగితం మేనేజరు ఒప్పుకోడు. కంపెనీకి కట్టిన ప్రీమియం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఖర్చు కింద పోతుంది. రేపటి నష్టం కోసం పక్కన పెట్టుకున్నది, ఆ నష్టం జరిగేదాకా ఖర్చు కాదు. మీ సీఏను కూర్చోబెట్టి అడుగు.

చట్టం మాటకొస్తే ఒక్క లైనుతో పోయేది కాదు. వేరు వేరు యజమానుల దగ్గర పైసలు పోగు చేసి, ఎవరి మిల్లు కాలితే వాళ్ళకు ఇస్తామని హామీ ఇస్తే అది బీమా వ్యాపారమే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ లేకుండా ఆ వ్యాపారం చేయకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే మూలధనమే 100 కోట్లు. సొసైటీ అని పేరు పెట్టినా, సంఘం అని పెట్టినా సంగతి మారదు. విదేశంలో పెట్టాలంటే ఫెమా అనే విదేశీ మారకపు చట్టం నిబంధనలు, అక్కడి మేనేజరు జీతం, అక్కడి ఆడిట్ ఖర్చు. మన ప్రీమియాలకు అంత బరువు మోసే బలం లేదు బిడ్డా, ఇప్పటికి లేదు.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ నాయనకు సగమే తెలుసు.

1993లో మేం తొమ్మిది మంది మిల్లర్లం. అప్పుడు ప్రైవేటు బీమా కంపెనీలు లేవు, ఉన్నవన్నీ ప్రభుత్వానివే. అగ్ని బీమా రేట్ల పుస్తకం దేశమంతటికీ ఒక్కటే. మేం రాత్రి ఇద్దరు కాపలాదారులను పెట్టుకున్నా, పక్క ఊళ్ళో ఎవడో బీడీ తాగి ఊక మీద పారేసినా, రేటు తేడా నామమాత్రం. మా అందరికీ మంట అక్కడే. మిషన్లకు పాలసీ ఉంచుకొని, స్టాకుకూ గోనె సంచులకూ పాలసీ తీసేసి, ఆ పైసలతో మా సొంత నిధి పెట్టుకున్నాం. ఆ మే నెల నుంచి తలా మూడు వేలు, నెలకు 27,000. కోశాధికారిని నేను. నా చేతిరాత బాగుంటుందని నన్నే పెట్టారు.

ముప్పై నెలలు ఏ మిల్లులోనూ నిప్పురవ్వ రాలలేదు. 1995 అక్టోబరుకు నిధిలో 8,10,000 జమైంది. మా మనసులు చెడింది అక్కడే. మనం అందరం చిట్టీలు కట్టి పెరిగినవాళ్ళం. చిట్టీలో ప్రతివాడికీ ఒకసారి వంతు వస్తుంది, ఎత్తుకుంటాడు. ఈ నిధి ఎత్తకుండా పోవాలని కట్టే చిట్టీ. ఎవరి వంతూ రాకుంటేనే మంచిది. ఆ సంగతి మా నెత్తికి ఎక్కలేదు. నవంబరులో వానాకాలం వడ్లు ఒక్కసారిగా కళ్ళాల మీదకు వచ్చినయి, ధర పడింది. "పైసలు బ్యాంకులో ఊరికే పండుకున్నయి, మూడు నెలల్లో తిప్పి ఇస్తాం, రూపాయిన్నర వడ్డీ" అన్నారు ఇద్దరు. తలా రెండు లక్షలు ఇచ్చాను. ఇచ్చాక, వాళ్ళకు ఇచ్చినవాణ్ణి నేనెందుకు తీసుకోవద్దు అనిపించింది. రెండున్నర లక్షలు నేను తీసుకున్నాను. ఖాతా పుస్తకంలో ఆ పేజీ మీద ఇచ్చినవాడి సంతకమూ తీసుకున్నవాడి సంతకమూ రెండూ నావే.

ఫిబ్రవరిలో మీ హాలియా మామ గోదాము కాలింది. రాత్రి ఒంటిగంటకు బాయిలర్ పక్కన ఊకకు అంటుకొని, గాలికి గోనె సంచుల మీదకు పోయి, వడ్ల నిట్టుకు పాకింది. ఊక మంట చూశావు కదా, పైకి లేవదు, లోపల లోపల తింటుంది. ఆర్పామని వెళ్ళిపోతే తెల్లారి మళ్ళీ పొగ. ఏడు లక్షల నష్టం.

తెల్లారి ఏడింటికి వచ్చాడు. చొక్కా నిండా మసి, కాలిన గోనె వాసన. చేతిలో గోదాము తాళంచెవి ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. "బావా, నిధి ఉన్నది కదా" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు.

అప్పులు పోను మిగిలిన 1,60,000కు తర్వాతి మూడు నెలల కిస్తులు కలిపితే 2,41,000. అవి లెక్కపెట్టి ఇచ్చాను. మిగతావి మా ముగ్గురి వడ్ల రూపంలో, బియ్యం రూపంలో గోదాముల్లో ఉన్నాయి, కొనే బేరం లేదు. మీటింగు పెడితే ఇంకో గొడవ. "ఊక అంత దగ్గర పోసుకున్నది ఆయనే కదా, సగం ఇస్తే చాలు" అన్నారు ఇద్దరు. ఎంత ఇవ్వాలో ఎవరు తేల్చాలి అన్నది మేం ఎక్కడా రాసుకోలేదు. నేను గట్టిగా మాట్లాడాల్సింది. నా మీద అప్పు ఉన్నది కాబట్టి నోరు లేవలేదు. ఆయనకు మిగతా పైసలు చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఐదు వేలు, పది వేలు, అట్లా. ఈలోపు లారీ అమ్మాడు. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు అమ్మాడు. నాతో కొట్లాడలేదు. మన వీధిలోంచి నడవడం మానేశాడు. ఆ ఇంటి పిల్లతో నువ్వు బడికి పోయేదానివి, ఒక ఏడాది తర్వాత ఆ పిల్ల ఎందుకు బడి మారిందని నన్ను అడిగావు. నేను నీకు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అందుకే బిడ్డా, నష్టం కోసం పెట్టిన పైసలు అప్పుకు ఇవ్వడానికి వీల్లేని చోట ఉండాలి. నీ క్యాష్ క్రెడిట్ అప్పు ఉన్న బ్యాంకులో పెట్టకు, అప్పు బాకీ పడితే వాళ్ళే సర్దుకుంటారు. వేరే బ్యాంకులో ఎఫ్‌డీ వేయి. రెండు సంతకాలు పెట్టు, అందులో ఒకటి మన ఇంటివాళ్ళది కాకుండా చూడు. మీ నాయన అడిగినా ఇవ్వకు. నేను అడిగినా ఇవ్వకు. వడ్ల సీజన్‌లో నీ మనసే నిన్ను అడుగుతుంది, అప్పుడు అసలే ఇవ్వకు.

ఇప్పటికి నాకు తోచిన దారి ఇది. ఏ మిల్లుకు ఆ మిల్లు చిన్న నష్టాలు తానే భరిస్తానని ఒప్పుకొని, పాలసీలో ఎక్సెస్, అంటే ప్రతి నష్టంలో మనమే భరించే మొదటి వంతు, పెంచుకోవాలి. ప్రీమియం కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన పైసలే ఎవరి నిధి వాళ్ళు ఎఫ్‌డీలో వేసుకోవాలి. సొంత నష్టానికి సొంత పైసలు పక్కన పెట్టుకుంటే ఏ రిజిస్ట్రేషనూ అక్కరలేదు. పెద్ద నష్టం మాత్రం కంపెనీ నెత్తి మీదే ఉండాలి. అందరూ కలిసి ఒక బ్రోకరును పెట్టుకొని, ఐదేండ్ల లెక్క ముందు పెట్టి బేరమాడండి. 2007 నుంచి ఆ రేట్ల పుస్తకం లేదు, జాగ్రత్తకు విలువ కట్టించుకోవచ్చు. పదేండ్ల తర్వాత నిధులు బలపడితే క్యాప్టివ్ సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.

పెద్ద నష్టం ఎందుకు బయట ఉండాలంటే, పదకొండు మిల్లులూ ఒకే ఊకతో, ఒకే కాలువ నీళ్ళతో, ఒకే గాలిలో ఉన్నాయి. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగినప్పుడు ఆలంపూర్ వైపు నీళ్ళు ఒక్క ఇంటిని ఎంచుకొని రాలేదు. అలాంటి రోజున అందరూ ఒకేసారి చెయ్యి చాపుతారు, ఇచ్చే చెయ్యి ఉండదు. క్యాప్టివ్‌లు నడిపేవాళ్ళు కూడా పెద్ద నష్టాలను రీఇన్సూరెన్స్ పేరుతో బయటి కంపెనీలకు పంచేది ఇందుకే.

పాలసీ తీసుకున్నాక స్టాకు విలువ సీజన్‌లో మళ్ళీ చూసుకో. నాలుగు కోట్ల స్టాకు ఉండి రెండు కోట్లకే రాయిస్తే, నలభై లక్షలు కాలినా ఇరవయ్యే చేతికొస్తుంది. నెలనెలా స్టాకు చెప్పే డిక్లరేషన్ పాలసీ అడుగు. తవుడు, వడ్లు తమంతట తామే వేడెక్కి అంటుకుంటే పాలసీలో వస్తుందో లేదో ముందే చదువుకో, రాకుంటే అదనంగా రాయించు. ఎక్సెస్ లోపలి నష్టమైనా సరే, మన మిల్లుదే అయినా సరే, లెక్క తేల్చడానికి బయటి సర్వేయర్‌ను పిలువు. "నువ్వే ఊక దగ్గర పోసుకున్నావు" అనే మాట మిల్లరు నోట రాకూడదు. వస్తే ఏమైతుందో నాకు తెలుసు.

నిన్ను భయపెట్టాలని రాయలేదు. రాస్తుంటే నాకే చెయ్యి వణికింది, అక్షరాలు అందుకే ఇట్లా ఉన్నాయి. ఆ ఖాతా పుస్తకం ఇంకా నా పెట్టెలోనే ఉన్నది. రేపు మన లారీ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. నవంబరు పేజీ దగ్గర ఎర్రదారం పెట్టాను. ఆ మిల్లర్లతో మీటింగు పెట్టేముందు దాన్ని ఒకసారి చూడు, కావాలంటే వాళ్ళకూ చూపించు. నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి. రెండో మిల్లులో ఊక ఇంకా బాయిలర్ గోడకు ఆనించే పోస్తున్నారని మీ నాయన మాటల్లో అన్నాడు. బీమా సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు. ఆ కుప్పను ఇవాళే జరిపించు. జరిపించాక ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెదనాయన