కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి రెండు నెలలైంది

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది టెక్కలి దగ్గర పల్లె. నాకు 38 ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన కతర్‌లో వెల్డింగ్ పనికి వెళ్ళి మూడేళ్ళయింది. రెండు నెలలుగా నేను మిషన్ ముట్టుకోలేదు. పదకొండు జాకెట్ల గుడ్డలు సంచిలో అలాగే ఉన్నాయి, అందులో నాలుగు పెళ్ళివారివి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. అన్నం సయించదు. ఎవరైనా గేటు తీస్తే జాకెట్టు అడగడానికేమోనని లోపలి గదిలోకి వెళ్ళిపోతున్నాను. మా అత్త "నీకేటి తక్కువే, మొగుడు నెలనెలా డబ్బు పంపుతున్నాడు కదా, బద్ధకం కాకపోతే" అంటుంది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. శ్రీకాకుళంలో డాక్టరుకి చూపిస్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు. పది రోజులు వేసుకున్నాను. కడుపులో తిప్పడం తప్ప ఏమీ మారలేదు. పక్కింటావిడ అవి అలవాటైపోతాయంటే మానేశాను. ఒక్కోసారి పడుకున్నదాన్ని లేవకపోయినా బాగుణ్ణు అనిపిస్తోంది. జీవితాంతం మాత్రలు మింగాలా? ఈ రోజులు ఎలా గడపాలి?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెల్లీ, నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందుగా ఆ "లేవకపోయినా బాగుణ్ణు" అన్న మాట. అది మీ అత్తకో ఆయనకో ఈ రోజే చెప్పు. నాకు రాసినట్టే, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ ఆలోచన బలపడితే ఒంటరిగా ఉండకు. 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరుకి కూడా ఈ మాట దాచకుండా చెప్పాలి.

నీది బద్ధకం కాదు. బద్ధకస్తురాలు పడుకుంటే ఆ పడక సుఖంగా ఉంటుంది. నీకు నిద్రా లేదు, సుఖమూ లేదు. మూడింటికి మెలకువ రావడం, పొద్దున్న మరీ బరువుగా ఉండడం ఈ జబ్బులో చాలామందికి ఉండేవే. నాకూ ఉండేవి. తొమ్మిదేళ్ళ కిందట, విజయనగరంలో తెలుగు టీచరుగా చేస్తున్నప్పుడు, పరీక్ష పేపర్ల కట్ట బీరువా మీద పెట్టి ఇరవై రోజులు దాని వైపు చూడలేకపోయాను. రోజూ మూడున్నరకు లేచి రైలు కూతలు లెక్కపెట్టుకునేదాన్ని. అందుకే నీ సంచి సంగతి చదవగానే కళ్ళనీళ్ళు వచ్చాయి.

మాత్రల గురించి. డిప్రెషన్‌కి సాధారణంగా ఇచ్చే మాత్రల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. కడుపులో తిప్పడం, తల బరువు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి, చాలామందికి నెమ్మదిగా తగ్గిపోతాయి. అంటే కష్టం ముందు, గుణం తర్వాత. నువ్వు సరిగ్గా ఆ మధ్యలో మానేశావు. ఇవి మత్తు కోసం మనిషి వెంపర్లాడేలా చేసే మందులు కావు. కొన్ని రకాల నిద్రమాత్రలు అలవాటవుతాయి, వాటినీ వీటినీ జనం ఒకటే అనుకుంటారు. జీవితాంతం అక్కర్లేదు. మొదటిసారి వచ్చినవాళ్ళకు బాగయ్యాక కూడా ఆరు నెలలో తొమ్మిది నెలలో వాడించి, తర్వాత డోసు మెల్లగా తగ్గిస్తారు. మన అంతట మనం ఆపకూడదు, అంతే. చీటీ పట్టుకుని మళ్ళీ వెళ్ళు, పది రోజులకే మానేశానని చెప్పు. థైరాయిడ్, రక్తం శాతం పరీక్షలు చేయించమని అడుగు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తగ్గినా ఇలాంటి నీరసమే ఉంటుంది. డబ్బు ఇబ్బందయితే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో, అదే రిమ్స్‌లో, మానసిక విభాగం ఉంది. మా చిన్నప్పుడు మనసు బాగోలేదంటే వాల్తేరు ఆసుపత్రిలో పడేస్తారని భయపడేవాళ్ళం. ఇప్పుడు ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు.

మీ అత్త దిష్టి తీస్తే తీయనీ, తాయెత్తు ఉంటే ఉండనీ. మాత్ర మాత్రం మానొద్దు. ఆవిడ మాట కరుకు గానీ, నీ కోసం తిరుగుతున్నది ఆవిడే. ఆవిడకి ఒక పని అప్పగించు: "అత్తా, ఆరింటికి నన్ను లేపి వీధి అరుగు మీద కూర్చోబెట్టు, గ్లాసుడు చోడి అంబలి ఇయ్యి" అని అడుగు. ఎండ తగులుతుంది, కడుపులో ఏదో పడుతుంది. అన్నం సయించనప్పుడు అంబలి దిగుతుంది. నాకు దిగింది.

ఇక పని. ఓపిక వచ్చాక కుడదాం అనుకుంటున్నావు కదూ? నేనూ అలాగే ఎదురుచూశాను, రాలేదు. మా ఆయన ఒకరోజు కట్టలోంచి ఒకే ఒక పేపరు తీసి ముందు పెట్టి, "ఒక ప్రశ్న దిద్దు, చాలు" అన్నారు. దిద్దాను. సంతోషమేమీ కలగలేదు, కానీ మర్నాడు రెండు దిద్దాను. సాయంత్రాలు అయ్యకోనేరు గట్టు మీద నడిపించేవారు, మొదట్లో పది నిమిషాలే. ఆ పది నిమిషాలూ ఆయన్ని తిట్టుకుంటూనే నడిచాను.

నువ్వు కటింగ్ జోలికి పోకు. లెక్కలు తప్పితే ఇంకా కుంగిపోతావు. మొదటిరోజు మిషన్ మీద గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, రెండు చుక్కలు నూనె వెయ్యి. చాలు. మర్నాడు ఒక హుక్కు. ఆ తర్వాత ఒక చీరకి ఫాల్ అంచు, జానెడు. ఏ రోజు కుదరకపోతే ఆ రోజు వదిలెయ్యి, నిన్ను నువ్వు తిట్టుకోకు.

మీ ఆయనతో "బాగున్నాను" అనడం మానెయ్యి. శుక్రవారం సెలవు రోజున తీరిగ్గా మాట్లాడుకోండి. వీడియోలో ఏడుపొస్తే ఏడువు. "ధైర్యంగా ఉండు" అంటే, "ధైర్యం వద్దు, మాత్ర వేసుకున్నావా అని రోజూ అడుగు" అని చెప్పు.

పెళ్ళివారి నాలుగు జాకెట్లు వేరే టైలరుకి ఇచ్చేయి. వాళ్ళకి ముహూర్తం ఆగదు, నీకు ఆ టెన్షన్ ఉండకూడదు. మిగతా ఏడుగురికి "ఒంట్లో బాగోలేదు, నెల పడుతుంది, గుడ్డ కావాలంటే తీసుకెళ్ళండి" అని అత్తతో కబురు పంపు. ఇద్దరో ముగ్గురో తీసుకెళ్తారు. మిగిలినవాళ్ళు ఆగుతారు.