నేడు నగదు, రేపు రైఫిల్

ఆస్టిన్ నుంచి ఒక పాఠకుడు రాసిన ప్రశ్న, కొంచెం కుదించి: "నాకు గ్రీన్ కార్డు ఉంది. 14 నెలల కిందట మోంటానాలో నలుగురే పనిచేసే ఒక చిన్న షాపుకి ఫోన్ చేసి, లాంగ్ రేంజ్ టార్గెట్ షూటింగ్ కోసం కస్టమ్ రైఫిల్ ఆర్డర్ ఇచ్చాను. ధర 6,200 డాలర్లు. అందులో 3,100 వీసా క్రెడిట్ కార్డు మీద కట్టాను. 20 వారాల్లో ఇస్తామన్నారు. మధ్యలో బ్యారెల్ కోసం ఇంకాస్త కావాలంటే 1,500 జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపాను, ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు మిగతా 1,600 పంపితే క్యూలో ముందుకి జరుపుతామంటున్నారు. పంపనా, క్యాన్సిల్ చేయనా? కార్డు బాకీకి మినిమమ్ కడుతున్నాను, వడ్డీ 24 శాతం. సేవింగ్స్‌లో 9,000 ఉంది."

ముందు సూటిగా చెప్పేస్తాను: ఆ 1,600 పంపకండి. ఇవాళే కాదు, రైఫిల్ తయారై టెస్ట్ ఫైర్ చేసిన టార్గెట్ ఫోటో మీ చేతికి వచ్చేదాకా పంపకండి. మన ఊళ్ళో కిరాణా కొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు ఉండేది గుర్తుందా, మీ షాపాయన దాన్నే కాస్త మార్చి మీకు చూపిస్తున్నాడు. ఆయన మోసగాడని నేను అనడం లేదు. ఇలాంటి చిన్న షాపులు చాలావరకు నిజాయితీగానే నడుస్తాయి, కానీ బ్యారెల్ (గొట్టం) ఒకరి దగ్గర, యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే యంత్రభాగం) ఇంకొకరి దగ్గర, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మరొకరి దగ్గర తెప్పించుకుని, ఇక్కడ తూటా కూర్చునే ఛాంబర్ కోసి, స్టాక్‌లో యాక్షన్ కదలకుండా కూర్చోబెట్టి, పైన కోటింగ్ వేయించి ఇవ్వాలి కాబట్టి ఒక్క భాగం ఆలస్యమైతే అన్నీ బల్ల మీద అలాగే పడుంటాయి. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ నెల వచ్చిన అడ్వాన్సుతో పోయిన ఏడాది ఆర్డర్లకి భాగాలు కొనడం మొదలైనప్పుడు. క్యూలో ముందుకి జరపడానికి డబ్బులడుగుతున్నాడంటే, మీ డబ్బుతో ఎవరిదో తుపాకీ పూర్తవుతోందేమోనని నాకు అనుమానం.

అంటే మీరు కొనుగోలుదారు కన్నా ఎక్కువగా అప్పిచ్చినవాళ్ళు. 4,600 డాలర్లు, వడ్డీ లేదు, తాకట్టు లేదు, గడువు లేదు. పైగా అందులో 3,100 మీరే 24 శాతానికి అప్పు తెచ్చి ఆయనకి ఇచ్చారు. నెలకి 62 డాలర్ల చొప్పున ఇప్పటికి 800కి అటూ ఇటూగా వడ్డీకే పోయింది. ఆ లెక్కన రైఫిల్ ధర 6,200 కాదు, 7,000.

అందుకే మొదటి పని కార్డు తీర్చేయడం. సేవింగ్స్‌లోంచి తీసి మొత్తం కట్టేయండి. "కట్టేస్తే డిస్ప్యూట్ చేసే హక్కు పోతుందేమో" అని ఉత్తరం చివర రాశారు, ఆ భయం పూర్తిగా తప్పు కాదు. కార్డు చట్టంలో ఒక క్లాజు నిజంగానే ఇంకా తీర్చని బాకీ మేరకే పనిచేస్తుంది, కానీ అది కొనుగోలు మీ రాష్ట్రంలోనో, మీ ఇంటికి 100 మైళ్ళ లోపలో జరిగితేనే. మీరు టెక్సస్, ఆయన మోంటానా, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వీసా వాళ్ళ ఛార్జ్‌బ్యాక్‌కి (కార్డు మీద కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడానికి) మీరు బాకీ తీర్చారా లేదా అన్నదానితో పనిలేదు. సేవింగ్స్ 5,900కి తగ్గుతుంది, ఉద్యోగం నిలకడగా ఉందంటున్నారు కాబట్టి నాలుగైదు నెలల్లో మళ్ళీ నింపుకోవచ్చు.

ఇక తేదీల సంగతి, మీ డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. బిల్లింగ్ తప్పుల చట్టం కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి ఉండే గడువు, ఆ ఛార్జి కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజులు. అది ఎప్పుడో దాటిపోయింది. వీసా నియమాల్లో మాత్రం సరుకు రాకపోతే, వస్తుందని చెప్పిన తేదీ నుంచి 120 రోజుల దాకా సమయం ఉంటుంది, అయితే ఏం చేసినా కార్డు గీసిన నాటి నుంచి 540 రోజులు దాటకూడదు. మీకు ఇప్పటికి 425 రోజులైంది. షాపాయన చివరి మెయిల్లో ఇచ్చిన తేదీ దాటి ఆరు వారాలైంది, అంటే 120లోంచి 42 పోగా మీ చేతిలో ఇంకా 78 రోజులున్నాయి. మొదట చెప్పిన 20 వారాల నుంచే లెక్క వేస్తామని బ్యాంకు మొండికేస్తే కష్టం, అందుకే ఆయన తేదీ మార్చిన ప్రతి మెయిలూ, ఒక్కటీ వదలకుండా, జతచేయాలి. "ఇంకో రెండు వారాలు" అని ఆయన అన్నప్పుడల్లా ఈ 78లోంచి 14 పోతున్నాయని గుర్తుపెట్టుకోండి.

మీ మెయిళ్ళు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. ఆయన మూడుసార్లు తేదీ మారిస్తే మూడుసార్లూ మీ జవాబు ఒకటే: "పర్లేదండీ, తొందరేం లేదు." మన మొహమాటం! అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఒకటుంది: ఫోన్‌లోనో ఇంటర్నెట్‌లోనో ఆర్డర్ తీసుకున్నవాడు చెప్పిన సమయానికి పంపలేకపోతే, ఆ సంగతి మీకు చెప్పి, ఆగుతారా, డబ్బు వెనక్కి తీసుకుంటారా అని అడిగి తీరాలి. రెండోసారి కూడా ఆలస్యమైతే మీరు ఆగుతానని స్పష్టంగా ఒప్పుకుంటేనే ఆర్డర్ నిలుస్తుంది, లేదంటే ఆయనే రద్దు చేసి డబ్బు తిరిగివ్వాలి. మీరేమో అడగకముందే ఒప్పేసుకున్నారు. అయినా కొంప మునగలేదు, ఆఖరి గడువు కూడా దాటింది కాబట్టి ఇప్పుడు ఒప్పుకోనని రాయొచ్చు. ఇన్‌వాయిస్‌లో "డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు" అని ఉందని కంగారు పడుతున్నారు. ఆ వాక్యం మీరు మనసు మార్చుకున్నప్పటి మాట, ఆయన గడువు తప్పినప్పటిది కాదు.

రద్దు చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "నా రైఫిల్ సీరియల్ నంబర్ ఎంత? రిసీవర్ మీద చెక్కిన నంబర్ కనబడేలా ఫోటో పంపండి." చట్టం దృష్టిలో బ్యారెలూ స్టాకూ కాదు, ఆ రిసీవరే, అంటే బ్యారెల్ బిగించే ఆ మధ్య భాగమే తుపాకీ. దాని మీద నంబర్ ఉండాలి, షాపు రిజిస్టర్‌లో ఎక్కి ఉండాలి. ఫోటో రెండు రోజుల్లో వస్తే మీ డబ్బుతో కనీసం ఒక ఇనప ముక్కైనా ఆ షాపులో ఉన్నట్టు, అప్పుడు ఇంకో 30 రోజులు ఆగొచ్చు, తేదీ మాత్రం రాతలో తీసుకోండి. ఫోటో బదులు "మేం చాలా కష్టపడుతున్నాం" అని పేరాలకు పేరాలు వస్తే ఆ రోజే క్యాన్సిల్ మెయిల్ పెట్టండి, 7 పనిదినాల్లో వాపసు ఇవ్వమని రాయండి, ఎనిమిదో రోజు బ్యాంకుకి ఫోన్ చేయండి. జెల్‌లో పంపిన 1,500 మాత్రం నగదు చేతికిచ్చినట్టే, బ్యాంకు ఏమీ చేయదు. దాన్ని ఆయన దగ్గరే రాబట్టుకోవాలి, లేదంటే మోంటానా వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు పెట్టాలి.

షాపు దివాలా తీస్తే? 1816 నుంచి నడిచిన రెమింగ్టనే 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా కోర్టుకెక్కింది, ఇక నలుగురి షాపు ఎంత. సొంత వాడకానికి కట్టిన అడ్వాన్సుకి దివాలా చట్టంలో 3,800 డాలర్ల దాకా కాస్త ప్రాధాన్యం ఉంది కానీ ఆ వరసలో మీది ఏడో మెట్టు. పైమెట్ల వాళ్ళు తిన్నాక ఆకులో ఏం మిగులుతుందో మీకే తెలుసు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఇంటికి టేకు ఉయ్యాల బల్ల చేయించుకుంటూ, వడ్రంగి కూతురి పెళ్ళి ఉందంటే జాలిపడి మొత్తం డబ్బు ముందే ఇచ్చేశాను. అంతకుముందు మొదటి రింగుకే ఫోన్ ఎత్తే మనిషి, తర్వాత మూడు రోజులకోసారి ఎత్తడం మొదలుపెట్టాడు. ఉయ్యాల వచ్చింది లెండి, తొమ్మిది నెలలు ఆలస్యంగా, ఒక గొలుసు పొట్టిగా. మీ దగ్గరున్న ఆ 1,600 షాపాయన జుట్టు లాంటిది, వదిలేశారో పట్టుకోవడానికి ఇంకేం ఉండదు.

ఇది చదివేవాళ్ళలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే మీరు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. అడ్వాన్స్ కట్టేముందే లాయర్‌ని అడగండి. డబ్బు పోవడం అక్కడ చిన్న సమస్య.

ఈలోగా రేంజ్‌కి వెళ్ళడానికి 1,500 పెట్టి ఫ్యాక్టరీ రైఫిల్ ఒకటి కొననా అని కూడా అడిగారు. కార్డు తీరాక, సేవింగ్స్ మళ్ళీ 9,000 అయ్యాక కొనుక్కోండి, అప్పటిదాకా స్నేహితుడిదే వాడుకోండి. ఇంకోటి, మీ ఆవిడకి ఆ జెల్ 1,500 సంగతి ఇవాళ రాత్రే చెప్పేయండి. కార్డు తీర్చడానికి 3,100 తీస్తే జాయింట్ అకౌంట్‌లో ఎలాగూ కనిపిస్తుంది, ఆవిడ స్టేట్‌మెంట్ చూసి అడిగేదాకా ఆగితే ఆ రెండూ కలిపి మీరు 4,600కి జవాబు చెప్పాల్సి వస్తుంది.