బెయిల్ వస్తుందన్నవాడు ష్యూరిటీ పెడతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి బీటెక్‌లో నాలుగు బ్యాక్‌లాగ్స్ మిగిలాయి. తోటివాళ్లంతా ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిపోయారు. ఒక కన్సల్టెన్సీ అతను లక్షన్నరకు అన్నీ పాసైనట్టు మార్కుల మెమోలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. పట్టుబడినా స్టేషన్ బెయిలేనట. ఇలా పంపడమా, ఏడాది ఆగి సప్లీలు రాయించడమా? ఏది మేలు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఇదే మాట అడగడానికి కొందరు నా ముందు అరగంట నీళ్లు నములుతారు. మీరు నేరుగా అడిగారు, నేనూ నేరుగానే చెప్తాను.

అతను చెప్పినదాంట్లో సగం నిజం. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 340(2) కిందికి వస్తుంది, అది బెయిలబులే. కానీ పోలీసులు దాని పక్కన మోసానికి 318(4), మోసం కోసం చేసిన ఫోర్జరీకి 336(3) కూడా పెడతారు. ఆ రెండూ నాన్‌బెయిలబుల్, ఏడేళ్ల దాకా శిక్ష. అంటే బెయిల్ హక్కుగా రాదు, జడ్జిగారు ఇవ్వాలి. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది కాబట్టి ముందు నోటీసే రావచ్చు. మెమోలు ప్రింటు కొట్టి అమ్మినవాణ్నీ కొన్న కుర్రాణ్నీ కోర్టులు సాధారణంగా ఒకే గాటన కట్టవు. మీవాడికి బెయిల్ దొరకొచ్చు.

దొరికాక? అలా బయటికొచ్చిన ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఫోన్‌లో బెయిల్ ఉత్తర్వు చూపించాడు: ఇద్దరు ష్యూరిటీలు, ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం, పాస్‌పోర్టు కోర్టులో అప్పగించాలి, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. మేనమామ తన పొలం పాస్‌బుక్ పెట్టాడట. ఆయన ముందుకు వెళ్లాలంటే సిగ్గేస్తోందని తల దించుకున్నాడు. ఏ దేశం వెళ్లడానికి ఆ కాగితం కొన్నాడో ఆ దారే మూసుకుంది. ఇక్కడ బెయిల్ వచ్చినా అమెరికా వాళ్లకు పట్టదు. నకిలీ పత్రంతో వీసా అడిగినట్టు తేలితే వాళ్ల చట్టంలో అది జీవితాంతం వెంటాడే అనర్హత.

ఒక మాట కటువుగా అంటాను. ఆ లక్షన్నర కట్టేది మీరు. కట్టాక ‘మాకు తెలియదు’ అనడానికి వీలుండదు, ఎఫ్ఐఆర్‌లో మీ పేరూ చేరొచ్చు. ‘వాడి భవిష్యత్తు కోసమే’ అని నాతో అనకండి. పెళ్లిళ్లలో ‘మీవాడెక్కడున్నాడు’ అని అడిగితే ఏం చెప్పాలన్నదే మీ భయం. ఆ భయానికి ఇరవై రెండేళ్ల పిల్లాడితో సంతకాలు పెట్టిస్తారా? అసలు వాణ్ని అడిగారా?

ఎమ్మెస్ మీదే నాకు అనుమానాలున్నాయి. లక్షల్లో అప్పు చేసి వెళ్తారు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి ఓపీటీ, దాని మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే వీసా స్టేటస్ పోతుంది. ఉద్యోగ వీసా హెచ్‌1బీ చూస్తే లాటరీ. సబ్జెక్టులు గట్టిగా వచ్చిన పిల్లలే అక్కడ తిప్పలు పడుతున్నారు. నాలుగు సబ్జెక్టులు దాటలేక మెమో కొన్నవాడు ఇంటర్వ్యూలో ఏం చెప్తాడు?

ఏది మేలని అడిగారు, సప్లీలే. నాలుగంటే నాలుగే, భయపడకండి. అంతకంటే ఎక్కువ మిగిలిన పిల్లలు నా దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ కట్టుకుని పాసై, ఈరోజు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఏడాది ఆగినందుకు ఎవరి బతుకూ ఆగిపోలేదు.

అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోయిందనుకోండి, అబ్బాయి సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అతని దగ్గరుంటే మాత్రం ముందు వెనక్కి తెచ్చుకోండి. ఆదివారం అబ్బాయిని పంపండి, మెమోలన్నీ తెమ్మనండి, తప్పినవాటితో సహా. మీరు బయట కూర్చోండి. ముందు వాడితో మాట్లాడతాను.