‘గాడ్ ఆఫ్ వార్’ వీడియో గేమ్ హీరో క్రేటోస్‌కీ చొక్కా ఉండదు కదా, గేముల్లో ఆడ పాత్రల బట్టల మీదే గొడవెందుకు?

చొక్కా లేకపోవడం ఒక్కటే చూస్తే అతనూ, ఆడ పాత్రలూ ఒకటే అనిపిస్తుంది. కానీ క్రేటోస్ కండలు, మచ్చలు చూసినప్పుడు ఆడేవాడికి ‘నేనూ ఇంత బలంగా ఉంటే’ అనిపిస్తుంది. కెమెరా అతని ఒంటిని తడుముతూ తిరగదు.

2015లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్ 5’లో క్వయెట్ అనే స్నైపర్‌ని చూడండి. యుద్ధభూమిలో ఆమెకి బికినీ, చిరిగిన మేజోళ్లు. కారణం ఏం చెప్పారంటే, ఒంట్లోని పరాన్నజీవుల వల్ల ఆమె చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుందట, బట్టలు కప్పితే ఊపిరాడదట. అదే సిరీస్‌లో 2004 నాటి ఆటలో ‘ది ఎండ్’ అనే ముసలి స్నైపర్ ఉన్నాడు. అతనికీ అవే పరాన్నజీవులు, ఆమెలాగే అతనూ ఎండ నుంచే శక్తి తీసుకుంటాడు. కానీ ఒంటినిండా సైనిక దుస్తులే! అంటే ముందు బికినీ నిర్ణయమైంది, కథ తర్వాత అల్లారు అనేదే నా అభిప్రాయం. నాకు బాగా నచ్చిన సిరీస్ కాబట్టే ఇది ఎక్కువ బాధిస్తుంది.

మార్చడం కష్టమేమీ కాదు. 1996లో పొట్టి నిక్కరుతో వచ్చిన ‘టూంబ్ రైడర్’ ఆట హీరోయిన్ లారా క్రాఫ్ట్‌కి 2013 నాటి ఆటలో ప్యాంటు తొడిగారు, ముఖం నిండా బురద, గాయాలు పెట్టారు. ఆ ఆట లక్షల్లో అమ్ముడుపోయింది.